చుక్క కాని చుక్క

“అత్తమ్మా, నేను దూరమైన” అన్నది సరోజన పెరటి గడప అవతలే నిలబడి.

వంటింట్లో బియ్యం చెరుగుతున్న ఆండాళమ్మ చేట ఆపింది. “నయం, ఏం ముట్టుకోకముందే చెప్పినవ్. పోయినసారి కడిగిన బియ్యం మొత్తం అంట్లు తోమే మొగిలమ్మ పాలాయె” అని గొణుగుతూ లేచి, కొంగు బొడ్లో దోపుకొని పొయ్యి ముందుకు జరిగింది. ఇక మూడు రోజులు పొయ్యి ఆమెదే. ఇంటిల్లిపాదికీ, దుకాణంలో మూటలు మోసేవాళ్లకూ వండి వార్చాల్సింది ఆమే. సరోజన తల వంచుకొని వెనక వసారాలోకి వెళ్లి, గోడవార చుట్టి నిలబెట్టిన చాప తీసి పరుచుకుంది.

ఆమె దూరమూ కాలేదు, ఏమీ కాలేదు. అబద్ధం చెప్పింది.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన పిల్ల ముట్టు పేరు చెప్పి అబద్ధమాడుతుందా అని ముక్కు మీద వేలేసుకునేవాళ్లు ఉంటారు. వేసుకోనివ్వండి. వాళ్లెవరైనా మట్టెవాడలో పాండురంగం కిరాణా దుకాణం వెనక ఇంట్లో ఒక్క వారం కోడలిగా ఉండి వచ్చి అప్పుడు మాట్లాడితే బాగుంటుంది. తెల్లారితే వాకిలి ఊడ్చి చల్లడంతో మొదలు. నీళ్లకాగు కింద కట్టెలు, మామకు చాయ్, అత్తకు వేడినీళ్లు, మొగుడికి టిఫిన్. ఆపైన దుకాణానికి పంపాల్సిన పప్పుల్లో రాళ్లేరడం, మిరపకాయల తొడిమలు తియ్యడం, చింతపండు గింజలు కొట్టడం. అదంతా దుకాణం పనే. కాకపోతే ఇంట్లో కూర్చొని చేస్తుంది కాబట్టి ఇంటిపని కిందికి వస్తుంది, ఇంటిపని అసలు పని కిందికే రాదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, అంట్లు మొగిలమ్మకు వేసి నడుం వాల్చేలోపు మళ్లీ చాయ్ వేళ. “నాకు జర చదువుకోవాల్నని ఉన్నది” అని పెళ్లయిన కొత్తలోనే భర్త భాస్కర్‌తో చెప్పింది. ఆయన నెమ్మదస్తుడు, కసురుకోలేదు. “చదువుకో, ఎవ్వరొద్దన్నరు? పనయినంక చదువుకో” అన్నాడు. పని అయితే కదా!

మొదటి నెల వసారాలో కూర్చోబెట్టినప్పుడు సరోజన ఏడ్చింది. వర్ధన్నపేటలో వాళ్ల పుట్టింట్లో ఈ పట్టింపు లేదు. నాట్ల వేళ ఆడమనిషిని మూడు రోజులు కూర్చోబెట్టి తిండి పెట్టే వ్యవసాయపు ఇల్లు ఏదుంటుంది? ఇక్కడ వేరే కంచం, వేరే గ్లాసు, అన్నం కూడా పైనుంచి జారవిడుస్తారు. భాస్కర్ ఆ పక్కకు తలైనా తిప్పడు. మొదటి రోజంతా అవమానంతో కుమిలిపోయింది. రెండో రోజు కళ్లు తెరిచేసరికి వసారాలోకి ఎండ వచ్చేసింది, ఎవరూ లేపలేదు. పెళ్లయ్యాక అంతసేపు పడుకోవడం అదే మొదలు. ఏదీ ముట్టుకోకూడని మనిషికి ఏ పనీ చెప్పడానికి లేదని అప్పుడు తెలిసొచ్చింది. పుస్తకాలు ముట్టుకోవచ్చా అని అడిగితే ఆండాళమ్మ కాసేపు ఆలోచించి, “సదువుల తల్లి గదా, ఏమో మరి... ముట్టుకో, కాని అవి మళ్ల ఇంట్లకు తేకు” అన్నది. అట్లా ఆమె ఎమ్మెస్సీ పుస్తకాలన్నీ వసారాలో చెక్కపెట్టెలోకి చేరాయి. మరుసటి నెల ఎప్పుడు దూరమవుతానా అని సరోజన ఎదురుచూసింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, పండుగకు చూసినట్టు చూసింది.

అట్లా ఉండగా, ఎనభై ఒకటో సంవత్సరంలో, రాజేశ్వర్ రావు సార్ నెల సామాను కోసం దుకాణానికి వచ్చాడు. సరోజనకు ఎమ్మెస్సీలో పాఠాలు చెప్పిన మనిషి. తెలుగు మీడియం డిగ్రీ పిల్లల కోసం కొత్త ఖగోళశాస్త్రం మీద పుస్తకం తెస్తున్నామనీ, అందులో క్వాసార్ల మీద ఒక అధ్యాయం సరోజనే రాయాలనీ, రాసినవాళ్ల పేరు అచ్చులో పడుతుందనీ చెప్పాడు. “మా కోడలు ఎమ్మెస్సీ” అని బేరానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకునే పాండురంగం పొంగిపోయాడు. “రాయి బిడ్డా, రాయి. నీకు పేరొస్తె మన దుకాణానికి వచ్చినట్టే” అన్నాడు. భాస్కర్ సరే అన్నాడు, ఆండాళమ్మ కూడా సరే అన్నది. అందరూ సరే అన్నారు గానీ, రాయడానికి ఒక గంట పొద్దు ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు.

సార్ ఇచ్చిన పత్రికలు పట్టుకొని వసారాలో కూర్చుంటే సరోజనకు ఆకలి కూడా తెలిసేది కాదు. మొట్టమొదట గుర్తుపట్టిన క్వాసార్, పెద్ద టెలిస్కోపులో చూసినా ఒక మామూలు చుక్క. ఎన్నో దశాబ్దాలుగా ఫొటో పలకల మీద మిగతా చుక్కల నడుమ ఒక చుక్కగా పడుతూనే ఉన్నది, పట్టించుకున్న నాథుడు లేడు. తీరా దాని వెలుగును విడదీసి చూస్తే అది చుక్కే కాదు. మన పాలపుంతకు ఎంతో ఆవల, వెలుగు కూడా రెండు వందల కోట్ల ఏళ్లకు పైగా నడిస్తే తప్ప ఇక్కడికి చేరనంత దూరంలో మండుతున్న మహాగుండం. ఉన్నట్టుండి దాని వెలుగు పెరుగుతుంది, మళ్లీ తగ్గుతుంది. అందులోంచి గామా కిరణాలు వస్తున్నాయని యూరప్ వాళ్లు పైకి పంపిన ఉపగ్రహం ఈమధ్యనే పట్టుకున్నది. గామా కిరణాలు నేల దాకా దిగవు, గాలిపొర ఆపేస్తుంది. మనం బతికి ఉన్నది ఆ పొర వల్లనే, ఆ మంట సంగతి మనకు ఇన్నాళ్లూ తెలియంది కూడా ఆ పొర వల్లనే. అందుకని చూసే కన్నును పొర దాటించి పైకి పంపాలి. ఆ కన్నూ మసకదే, అంత దూరాన ఉన్న క్వాసార్లన్నిటిలో ఈ ఒక్కదాన్నే గుర్తుపట్టగలిగింది. గామా కిరణాల్లో కూడా అది ఉన్నట్టుండి భగ్గుమంటుందా? భగ్గుమంటే ఎందుకు భగ్గుమంటుంది? ఇంకా ఎవరికీ తెలియదు. నడిమధ్యకు ఏదో వచ్చిపడి, నలిగి, ఆ ఒత్తిడికి అంత వేడి పుడుతుందని కొందరి ఊహ. ‘ఏదీ ఊరికే భగ్గుమనదు’ అని రాసుకొని, ఆ వాక్యం తనకే నచ్చి, ఎవరికైనా చదివి వినిపిద్దామని చుట్టూ చూసింది. పెరట్లో మొగిలమ్మ తప్ప ఎవరూ లేరు. మొగిలమ్మకే వినిపించింది.

“నిజమే బిడ్డా, మా మరిది పెండ్లాం గట్లనే ఒకనాడు భగ్గుమన్నది. ఏం మీదవడ్డదో ఎవ్వలడిగిండ్రు?” అన్నది మొగిలమ్మ, గిన్నెలు తోముతూ.

మొదటి పేజీలు చూసి సార్ మొహం చిట్లించాడు. “ఈ ‘చుక్క కాని చుక్క’ ఏందమ్మా? ‘నక్షత్రాభాసం’ అనాలె. ‘భగ్గుమనుడు’ వంటింటి మాట, ‘ప్రజ్వలనం’ అని మార్చు.”

“వంటింటి మాటైతె పిల్లలకు అర్థమైతది గద సార్.”

“అర్థమైతె చాలదమ్మా, గౌరవంగ ఉండాలె” అన్నాడు సార్. ఎండాకాలం సెలవుల్లోపల ఇవ్వకపోతే రాస్తామని అడిగేవాళ్లు ఇద్దరు ఉన్నారని కూడా చెప్పాడు. సరోజన తలుపు చాటున నిలబడి తలూపింది. మాటలు మాత్రం మార్చలేదు.

ఆ చలికాలంలో నెల తప్పింది. పది రోజులు చూసింది, ఇరవై రోజులు చూసింది, ఇక అనుమానం లేదు. సంతోషం వేసింది. వెనువెంటనే భయం వేసింది. కడుపుతో ఉన్న కోడలు దూరం ఉండదు. ఇక వసారా లేదు, పెట్టె తెరిచేది లేదు, తొమ్మిది నెలల తర్వాత పిల్ల, పిల్ల వెనుక పిల్ల. వట్టిమనిషి కాదని తెలిస్తే పని తగ్గిస్తారా అంటే, “భాస్కర్ పుట్టిన పొద్దు దాక నేను మిరపకాయలు దంచిన” అని ఆండాళమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. ఒక్క అధ్యాయం. అది ఒక్కటి చేతిలోంచి బయటపడితే చాలు, ఆ తర్వాత చెప్పొచ్చు. అట్లా ఆ నెల ఆలస్యమైనట్టు వెళ్లి “దూరమైన” అన్నది. మరుసటి నెలా అన్నది. ఇది మూడోసారి. ఈ మూడు రోజుల్లో రాయడం అయిపోతుంది, నాలుగో రోజు తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చి చల్లటి కబురు చెప్పేస్తుంది. ఆమెకు పిల్లా కావాలి, అచ్చులో పేరూ కావాలి. రెండూ కావాలనుకున్నది. భాస్కర్‌కు దుకాణమూ ఉంది, పిల్లా పుట్టబోతున్నది, ఆయన ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పాల్సి రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఆఖరి పేజీల్లో ఉండగా నడుములో కలుక్కుమన్నది. లేచి నిలబడేసరికి చాప మీద చుక్క. ఆ తర్వాత ఇంకో చుక్క.

“అత్తమ్మా! నెత్తురు పోతాంది!”

ఆండాళమ్మ వంటింటి గడపలోంచే చూసింది. “పోదా మరి? దూరం కూసున్నదానికి నెత్తురు గాక పాలు పోతయా? ఏందా ఒర్రుడు, దుకాణంల మొగోళ్లు ఇనరా?”

“అది కాదత్తమ్మా. నేను నెల తప్పిన. మూడు నెలలాయె.”

“నెల తప్పినదానివి బయటెందుకు కూసున్నవే?” ఆండాళమ్మ నోరు తెరిచింది. “మొన్న నెల కూసుంటివి, అటు మొన్న నెల కూసుంటివి. కడుపెక్కడిది?”

“అబద్ధం చెప్పిన. చదువుకోనీకి చెప్పిన.”

ఆ మాటతో ఆండాళమ్మ నెత్తురు సంగతే మరిచిపోయింది. ఇంత బతుకు బతికి ఇట్లాంటిది ఆమె వినలేదు. ముట్టయి ఇంట్లో తిరిగి దాచిపెట్టిన ఆడదాన్ని గురించి విన్నది గానీ, ముట్టు కాకుండా అయ్యానన్నదాన్ని ఎన్నడూ చూడలేదు. “గప్పుడు చెప్పింది అబద్ధమైతె గిప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె? ఎల్లుండి తానం జేసి పని జెయ్యాలె గదా, అందుకే ఇంకో నాటకం” అని తలుపు దగ్గరికి వేసింది.

పొద్దుగూకాక భాస్కర్ వచ్చి వసారా ముందు మురుగునీళ్లు పారే మోరీకి అవతల నిలబడ్డాడు. ఆయన కళ్లలో జాలి ఉన్నది. లేదని అబద్ధం చెప్పకూడదు. “నిజమేనా సరోజా?” అన్నాడు. “నిజమే. దవాఖానకు తీస్కపోండ్రి.” ఆయన ఇంట్లోకి చూశాడు, ఆమెను చూశాడు. “అమ్మ అది మామూలుదే అంటాంది. నాల్గోనాడు తానమైనంక పోదాం. గిప్పుడు నిన్ను రిక్షా ఎట్ల ఎక్కియ్యాలె, ఎవరు పట్టుకోవాలె?” అన్నాడు. పెళ్లయిన నాటినుంచి రోజూ ఆ చేతులే కదా ఆమె మీద పడ్డవి, ఇప్పుడు వాటికి ఏం రోగం వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. ఇంకోసారి అడిగింది. మూడోసారి అడగడానికి నోరు రాలేదు.

తెల్లారి అంట్లకు వచ్చిన మొగిలమ్మ చాపను చూసి పెట్టిన కేక బజారు దాకా వినిపించింది. “ఓ సావుకారీ! ఇది ముట్టు నెత్తురు గాదు, పానం వోతాంది పిల్లకు!” ఎవరి కోసమూ చూడలేదు, వంగి సరోజనను రెండు చేతులా లేపి భుజాన వేసుకున్నది. “ఇల్లంత మైల జేస్తవా?” అని ఆండాళమ్మ అడ్డం రాబోతే, “నన్ను ముట్టుకుంటె మీకు మైల, ఈమెను ముట్టుకుంటె మీకు మైల. మా ఇద్దరికైతె ఏం ఫికర్ లేదు, జరుగమ్మా” అని దుకాణం మీదుగానే మోసుకొని పోయి రిక్షా ఎక్కించింది. బేరానికి వచ్చినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. భాస్కర్ వెనక సైకిల్ మీద వచ్చాడు.

పిండం దక్కలేదు. సరోజన దక్కింది. “కడుపు నిలువకపోవుడు నీ చేతిల లేదమ్మా, శానమందికి అయితది. నువ్వు కూసున్నా, పన్నా, చదివినా ఆగదు” అన్నది డాక్టరమ్మ ఆమెతో. ఆ తర్వాత భాస్కర్ వైపు తిరిగి, “నిన్న మధ్యాహ్నం సంది పోతాంటె ఇయ్యాల తెచ్చిండ్రా? ఇంకో రెండు గంటలైతె ఈమె కూడ దక్కకపోతుండె” అన్నది.

దవాఖాన మంచం మీద పడుకొని సరోజన ఆ మాటను మళ్లీ మళ్లీ తలచుకున్నది. నీ చేతిలో లేదు అన్నది డాక్టరమ్మ. అయినా ఏడుపు ఆగలేదు. ముందే చెప్పి ఉంటే ఆ పూటే తీసుకొచ్చేవారు కదా, ఆ రాత్రంతా అట్లా పడి ఉండేది కాదు కదా అనుకున్నది. మరి ముందే చెప్పింది కదా, చదువుకోవాలని ఉంది అని? పెళ్లయిన కొత్తలోనే, నోరు తెరిచి, తెలుగులోనే చెప్పింది కదా? ఆ మాటకు ఆ ఇంట్లో ఒక్క గంట విలువ లేకపోయింది. ‘మైల’ అన్న మాటకేమో మూడు రోజుల విలువ ఉండె. నిజానికి లేని విలువ అబద్ధానికి ఉన్నచోట అబద్ధమాడినందుకు తననే ఎందుకు అందరూ అట్లా చూస్తున్నారో ఆమెకు తెలియలేదు. కోపం వచ్చింది. ఒంట్లో నెత్తురు లేకపోయినా కోపం మాత్రం బాగా వచ్చింది.

ఇంటికి వచ్చిన రోజున వసారా కడిగి సుద్ద వేసి ఉంది. చెక్కపెట్టె లేదు. “నెత్తురంటిన కాయితాలు ఇంట్ల ఉంచుకుంటరా? కాగు కింద పెట్టిచ్చిన” అన్నది ఆండాళమ్మ. రాసినవీ, సార్ పత్రికలూ, ఎమ్మెస్సీ పుస్తకాలూ, అన్నీ. కోడలు దవాఖానలో ఉన్న ఆ వారం అందరి స్నానాలకూ నీళ్లు వాటితోనే కాగాయి.

సరోజన చేట అందుకొని పప్పులో రాళ్లేరడానికి కూర్చున్నది. ఆ వాలకం చూసి ఆండాళమ్మకు ఇంకా మండింది. “పుస్తకం కోసం పిల్లను మింగినవ్” అన్నది ఒకరోజు. ఇంకోరోజు మిరపకాయల రాశి ముందు ఇద్దరే కూర్చున్నప్పుడు, ఎవరో అడిగినట్టు తనే మొదలుపెట్టింది. “నాకు మాత్రం ఇష్టం లేకుండెనా? ఆ మూడు దినాలకే నేను గుడ ఎదురుసూసేదాన్ని. నడుం వాలేది గప్పుడే. ఆగిపోయిననాడు బుద్ధిదీర ఏడ్సిన, ఇగ సచ్చేదాక పొయ్యి కాడనేనని. కాని నీ లెక్క అబద్ధం చెప్పలే.” అంతలోనే గొంతు గట్టిపరచుకొని తీర్పు చెప్పింది. “ఇగ నువ్వు బయట కూసునుడు బంద్. ముట్టయినా గిట్టయినా ఇంట్లనే ఉండు, తానం జేసి పని జేస్కో. దేవుడున్న అర్ర ఒక్కదాని మొఖాన పోకు, సాలు.”

వసారాలో బెల్లం దిమ్మలు పేర్చారు. చాప ఒక్కదానికి చోటు మిగిలింది, అదీ మొగిలమ్మ గిన్నెలు ఆరబెట్టుకోవడానికి.

రాజేశ్వర్ రావు సార్ మళ్లీ నెల సామానుకు వచ్చాడు. తలుపు ఇవతల తొడిమలు తీస్తున్న సరోజనకు మాటలన్నీ వినిపిస్తున్నాయి. “మా ఇంట్ల గసొంటి మూఢనమ్మకాలన్ని తీసేసినం సార్” అంటున్నాడు భాస్కర్ గర్వంగా. “ముట్టు, మైల, దూరముండుడు, ఏం లేవు. మా అమ్మనే తీసేసింది.”

“శభాష్! చదువుకున్న కోడలొస్తె ఇల్లు గట్ల మారాలె” అన్నాడు సార్. “ఏమమ్మా, అధ్యాయం ఎంతవరకొచ్చింది?”

“కాలిపోయింది సార్.”

“అయ్యో! మళ్ల రాయి మరి. ఇంక నెల టైమున్నది. అదే పత్రికల నకళ్లు మళ్ల పంపిస్త” అని సార్ కందిపప్పు తూయించుకొని వెళ్లిపోయాడు. పొగడ్త పుచ్చుకున్న భాస్కర్ ఆ పూట ఇంకో ముద్ద అన్నం ఎక్కువ తిన్నాడు. వాళ్లు తీసేసింది తన మూడు రోజులని ఆ ఇద్దరు మగవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక సరోజన మిరపకాయల చేతితోనే కన్ను తుడుచుకొని, ఆ మంటకు మధ్యాహ్నం దాకా కళ్లు తెరవలేకపోయింది.

పత్రికలు వచ్చాయి. వచ్చిన మరునాడు, మండుటెండలో మిరపకాయల బస్తాలు దిగుతున్నాయి. దుకాణం నిండా మనుషులు, పొయ్యి మీద ఎసరు, వాకిట్లో ఏరాల్సిన కాయల గుట్ట. సరోజన తొడిమలు తియ్యడం ఆపింది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నది. ఎసరు దింపి పక్కన పెట్టింది, ఊరికే మరిగి ఇగిరిపోతే ఎవరికీ లాభం లేదని. వసారాలోకి వెళ్లి, మొగిలమ్మ గిన్నెలు పక్కకు సర్ది, చాప పరుచుకొని కూర్చొని, కొత్త కాగితం మీద ‘చుక్క కాని చుక్క’ అని పేరు రాసి కింద గీత గీసింది.

ఆండాళమ్మ వచ్చి పెరటి గడపలో నిలబడింది. “ఏందే, దూరమైనవా? అయినా కూసునుడు బంద్ అన్న గదా.”

ఎంత సులువు! “అయిన” అని ఒక్క మాట అంటే చాలు, పాత అలవాటుకొద్దీ ముసలామె వెనక్కు తగ్గేది. ఆ మాట సరోజన నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“కాలేదత్తమ్మా. మంచిగనే ఉన్న. చదువుకుంటాన్న.”

“ఒరేయ్ భాస్కర్!” అని ఆండాళమ్మ దుకాణం వైపు తిరిగి గొంతెత్తింది. “ఇటు రారా! నీ పెండ్లాం ఒంట్ల మంచిగుండి, కావాల్నని పని ఇడిసి కూసున్నది!”

భాస్కర్ పరుగున వచ్చాడు. వచ్చినవాడు మోరీ దగ్గరికి రాగానే, కాళ్లకు తెలిసిన అలవాటో ఏమో, టక్కున ఆగిపోయాడు. బస్తాలు దించేవాళ్లు తలుపులోంచి తొంగిచూస్తున్నారు. సరోజన తలెత్తి ఆయన వైపే చూసింది.

“అక్కడెందుకు నిలబడ్డరు?” అన్నది. “ఇయ్యాల నాకు ఏ మైల లేదు. ముట్టుకోవచ్చు. రాండ్రి, వచ్చి చెయ్యి పట్టుకొని లేపుండ్రి.”